బిల్లవుతాది, ఎట్టీ

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో పొందూరు దగ్గర పల్లె. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది అవుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె ఖద్దరు నూలు వడికేది. ఆమె మీద ఒక పాట రాసి, నేనే పాడి, సంవత్సరీకం రోజున ఇంట్లో వినిపించాలని ఉంది. ఆఫీసులో ఒకావిడ లూథర్ వాండ్రాస్ పాడిన ‘డాన్స్ విత్ మై ఫాదర్’ వినిపించింది. పోయిన తండ్రి మీద పాట. సోల్ బ్యాలడ్ అంటారట. మాటలన్నీ అర్థం కాకపోయినా ఏడ్చేశాను. అలాంటిది మా అమ్మకి తెలుగులో కావాలి.

‘మమతల కోవెల నీవమ్మా, త్యాగానికి రూపం నీవమ్మా, పొందూరు ఖద్దరుకే వన్నె నీవమ్మా’ అని మొదలుపెట్టాను. చదువుకుంటే ఎవరి అమ్మో అనిపిస్తోంది. నిజానికి మా అమ్మ కోపిష్టి మనిషి. పత్తి దగ్గరికి వెళ్తే ‘ముట్టకు, నీ చేతికి చెమట’ అని కసిరేది. మెచ్చుకోవడం ఎరగదు. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి ‘బిల్లవుతాది, ఎట్టీ’ (పెట్టెయ్) అని నాన్న చేతికిచ్చేసేది. ఇప్పుడు బిల్లు లేదమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇలాంటివి పాటలో పెట్టలేం కదా.

నాకు సంగీతం రాదు. పాడబోతే రెండో లైనుకే గొంతు పూడుకుపోతోంది. తమ్ముడి స్నేహితుడు అమ్మ వాయిస్ మెసేజ్‌లతో ఏఐలో ఆమె గొంతు తయారుచేసి, చివర్లో ‘నిన్ను చూస్తే గర్వంగా ఉందమ్మా’ అనిపిద్దామంటున్నాడు. పెదనాన్నేమో ‘ఏడాది కాడ పాటలేటి, పెళ్ళా?’ అంటున్నాడు. నాన్న ఏమీ అనడు. అమ్మ పత్తి దువ్వే వాలుగ చేప దవడ కిటికీలో అలాగే ఉంది, ఎవర్నీ తియ్యనివ్వడు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

‘పాటలో పెట్టలేం కదా’ అని మీరు పక్కకి నెట్టిన మాటే మీ పల్లవి. ‘బిల్లవుతాది, ఎట్టీ.’ మీ ఉత్తరంలో మీ అమ్మగారు నాకు కనిపించింది ఆ రెండు మాటల్లోనే. మమతల కోవెల దగ్గర నాకెవరూ కనపడలేదు. మీకూ కనపడలేదు, అందుకే ఎవరి అమ్మో అనిపిస్తోందని రాశారు. మీ చెవి బాగానే ఉంది. దాన్ని నమ్మండి.

ఖద్దరుకే వన్నె అన్న లైను మాత్రం వెంటనే కొట్టేయండి. అది ఎగ్జిబిషన్ గేటు మీద బ్యానరుకి బాగుంటుంది.

మన వైపు చావింట ఆడవాళ్ళు రాగం తీసి ఏడవడం మీరు వినే ఉంటారు. ఇప్పుడు తగ్గింది. పట్నంలో చదువుకున్న పిల్లలు పక్కనుంటే పెద్దవాళ్ళు కూడా సిగ్గుపడి మామూలుగా ఏడుస్తున్నారు. ఆ శోకాల్లో త్యాగమూర్తీ, కరుణామయీ వినిపించవు. ‘నా తలకి నూనెవులు రాస్తారే అమ్మా’ అంటారు. ‘సంతకెల్లొస్తే సంచి ఎవులందుకుంటారే’ అంటారు. మనిషి ఏం చేసేది, ఎక్కడ కూచునేది, ఏ వేళకి పిలిచేది అని ఒక్కొక్కటే తీస్తారు. పోయిన మనిషిని ఎదురుగా పెట్టుకుని నిలదీస్తారు కూడా. ‘నన్నొగ్గీసి ఎల్లిపోనావేటే’ అన్నది నింద కాదా? చచ్చిపోయినవాళ్ళని తిట్టినందుకు ఆ ముసలమ్మని ఎవరూ తప్పుపట్టరు. ఆవిడకి మనిషి మీద ఎంత ఆపేక్షో అందరికీ తెలుసు గనక.

మీరు కావాలంటున్న సోల్ పాట కూడా ఇలాంటి చోటు నుంచే వచ్చింది. అమెరికాలో ఆఫ్రికన్ అమెరికన్ల చర్చిల్లో పాడే గాస్పెల్, బయట పాడే రిథమ్ అండ్ బ్లూస్ ఒకదానిలో ఒకటి కలిసి 1950ల చివర, 60లలో సోల్‌గా నిలబడ్డాయి. సోల్ గాయని అరేతా ఫ్రాంక్లిన్ తండ్రి డెట్రాయిట్‌లో పాస్టరు, ఆవిడ ఆయన చర్చిలోనే పాడుతూ పెరిగింది. శామ్ కుక్ కూడా మొదట గాస్పెల్ బృందంలో పాడి, తర్వాత బయటి పాటలకి వచ్చాడు. దేవుడితో మాట్లాడే గొంతు ఏదో, ఆ గొంతుతోనే ఇంటి సంగతులు పాడారు. అందుకే ఆ పాటల్లో మాటలు చాలా మామూలుగా ఉంటాయి, గొంతు మాత్రం ప్రార్థనలా ఉంటుంది. మనం తెలుగులో స్మృతిగీతం అనేసరికి దీన్ని తిరగేస్తాం. మాటల్ని గుడిలో పెట్టి, గొంతుని మామూలుగా వదిలేస్తాం.

మీరు విన్న పాట సంగతి చూడండి. 2003లో వచ్చింది. వాండ్రాస్, రిచర్డ్ మార్క్స్ కలిసి రాశారు. మరుసటి ఏడాది దానికి ఆ సంవత్సరపు ఉత్తమ గీతంగా గ్రామీ వచ్చింది. వాండ్రాస్ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆ పాటలో తండ్రి గొప్పవాడనీ, త్యాగం చేశాడనీ పొగడ్తల వరస లేదు. ఇంట్లో తండ్రి తనని ఎత్తుకుని తిప్పడం, తల్లితో డాన్స్ చెయ్యడం, అలాంటి చిన్న చిన్న పనులే. ఇంకొక్కసారి ఆ డాన్స్ కావాలని అడుగుతాడు. సగం దాటాక పాట తండ్రిని వదిలి తల్లి వైపు తిరుగుతుంది. గది తలుపు బయట నిలబడి, లోపల అమ్మ ఏడవడం విన్న పిల్లవాడు తన కోసం కన్నా ఆమె కోసం ఎక్కువగా ప్రార్థిస్తాడు. మాటలు సరిగ్గా అర్థం కాకపోయినా మీకు కన్నీళ్ళొచ్చింది ఆ మలుపు దగ్గరేనేమో, మళ్ళీ విని చూడండి.

దాన్నుంచి మీరు తీసుకోవాల్సింది ఆ మలుపే. డాన్సు తీసుకోకండి, మన ఇళ్ళలో అమ్మానాన్నలు డాన్సు చెయ్యరు. మీ ఉత్తరంలో ‘నాన్న ఏమీ అనడు’ అని ఒక ముక్క ఉంది. కిటికీలో వాలుగ దవడ ఉంది, ఆయన దాన్ని ఎవర్నీ తియ్యనివ్వడు. రెండు చరణాలయ్యాక, ఆఖరి పల్లవికి ముందు వచ్చే భాగం అదే. బ్రిడ్జి అంటారు దాన్ని. నాలుగు లైన్లు చాలు. ఆయన ఏం అనుకుంటున్నాడో ఊహించి రాయకండి. దవడ ఉంది, తియ్యనివ్వడు. అంతవరకే రాసి ఆగండి.

చరణాల్లో ఏం రావాలన్నది కూడా మీరే చెప్పేశారు. మొదటి చరణం పత్తి దగ్గర. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం, గింజ తీయడం, ఏకడం, ఏకులు చేసుకోవడం, ఒంటి కదురు రాట్నం మీద నూరు కౌంటు దాకా సన్నగా వడకడం, ఇదంతా చూస్తూ పెరిగారు. చూస్తూ పెరిగారు కాబట్టే అంతా చెప్పెయ్యాలనిపిస్తుంది. వద్దు. అది పాట కాదు, పాఠం అవుతుంది. ఏదో ఒక్క పని తీసుకోండి. దువ్వడం తీసుకున్నారనుకుందాం. ఆవిడ దువ్వుతోంది, మీరు చెయ్యి పెట్టబోయారు, కసిరింది. దువ్విన పత్తికి తడి తగిలితే ఉండ కడుతుంది. అంటే ఆ కసురు పనిమంతురాలి కసురు. మీ ఊళ్ళో విన్నవాళ్ళకి అది వెంటనే తెలుస్తుంది. హైదరాబాదులో మీ స్నేహితులకి తెలియకపోతే పోనివ్వండి, వాళ్ళ కోసం వివరణ ఇరికించకండి. రెండో చరణం ఫోను. మీరు నగరంలో, ఆవిడ ఊళ్ళో, మధ్యలో లేని బిల్లు.

అయితే కోపం గురించి రాస్తే అమ్మని చిన్నబుచ్చినట్టు కాదా అని మీకు అనిపిస్తుంది. బంధువుల్లో ఒకరిద్దరు అంటారు కూడా. వాళ్ళు పాట వినే ముందు అంటారు, విన్నాక అనరు. ఆవిడ కోపం ఎరిగినవాళ్ళే ఆ రోజు ఆ ఇంట్లో కూచుంటారు. వాళ్ళ ముందు శాంతమూర్తి అని పాడితే, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ‘ముట్టకు, నీ చేతికి చెమట’ అని పాడితే నవ్వుతారు. ఏడాదికి ఆ ఇంట్లో ఆవిడ గురించి నవ్వు వస్తే తప్పేముంది?

ఇక బాణీ. సోల్ బ్యాలడ్లలో చాలావాటిది నిదానపు నడక. నిమిషానికి 60, 70 దెబ్బలు, ఒక్కో దెబ్బ మూడు ముక్కలు. మనకి తిశ్ర గతి అంటే సరిపోతుంది. నాలుగు దెబ్బలకి ఒక ఆవృతం పెట్టుకుని, చేత్తో తొడ మీద వేసుకుంటూ మీ పల్లవిని అనండి. ‘బిల్ల’ ఒక దెబ్బ. ‘వుతా’ రెండోది. ‘ది’ అని చటుక్కున అనేసి మూడో దెబ్బలో మిగతాదంతా ఖాళీ వదిలేయండి. నాలుగో దెబ్బకి ‘ఎట్’. తర్వాతి ఆవృతం మొదటి దెబ్బ మీద ‘టీ’ పడుతుంది, అక్కడి నుంచి మీ ఊపిరి ఉన్నంతసేపు. ఆవిడ ఫోన్లో అన్నప్పుడు కూడా దాదాపు ఇదే నడక అయ్యుంటుంది. మీరే సరిచూడాలి, నేను వినలేదు కదా.

ఆ ‘ది’ని సాగదీయవద్దని చెప్పడానికి కారణం ఉంది. తెలుగులో పొట్టి అచ్చుని సాగదీస్తే మాటే మారిపోతుంది, కల కాస్తా కాల అయిపోతుంది. ఇంగ్లిషు పాట విని ఆ వరసలో తెలుగు రాసేవాళ్ళు ఎక్కువమంది పడేది ఇక్కడే. స్వరం ఎక్కడ నిలవాలో అక్కడ దీర్ఘం ఉన్న మాట పడేలా రాసుకోండి. ‘ఎట్టీ’లో ఆ దీర్ఘం చివర్న ఉంది. పల్లవికి అంతకన్నా వీలైన మాట నేను వెతికివ్వలేను. పుస్తకాల తెలుగులోకి మార్చి ‘పెట్టేయి’ అన్నారంటే ఆ చివరి దీర్ఘమూ పోతుంది, ఆవిడా పోతుంది. మిగతా లైన్లు కూడా మీ ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాయండి.

సోల్ గాయకులు ఒక అచ్చు మీద ఏడెనిమిది స్వరాలు తిప్పుతారు. మెలిస్మా అంటారు దాన్ని, మన గమకానికి దగ్గరి చుట్టం. వినడానికి బాగుందని ప్రతి లైనులో తిప్పకండి. ఆఖరిసారి పల్లవి వచ్చినప్పుడు ‘టీ’ మీద ఒక్కసారి చాలు, రాకపోతే అదీ అక్కర్లేదు.

రాగం మాట అడగలేదు గానీ అడుగుతారు. శివరంజని జోలికి పోకండి. మన సినిమాల్లో ఎవరైనా పోగానే వయొలిన్లు అందుకునే రాగం అది, మీరు నోరు తెరవకముందే వినేవాళ్ళు కర్చీఫు తీసేస్తారు. మోహనలో ఉండే ఐదు స్వరాలు తీసుకోండి. మన పల్లె పాటలు చాలా వాటి మీదే నడుస్తాయి, గాస్పెల్‌లోనూ తరచుగా వినపడేవి అవే. దుఃఖపు పాటకి దుఃఖపు స్వరాలే ఉండాలని లేదు. చాలా సోల్ బ్యాలడ్లు వెలుతురుగా ఉండే మేజర్ స్కేల్లోనే ఉంటాయి.

సంగీతం రాదన్న దిగులు మా విజయనగరం పక్క మరీ ఎక్కువ. 1919లో విజయరామ గజపతి పెట్టిన గాన పాఠశాల ఊళ్ళో ఉండటం వల్ల, ఆ మెట్లెక్కనివాళ్ళు పాడకూడదేమో అనుకుంటారు. కానీ దానికి మొదటి ప్రిన్సిపాల్ ఎవరు? ఆదిభట్ల నారాయణదాసు. హరికథ చెప్పే మనిషి. హరికథలో దాసుగారు ఎంత పాడతారో అంత మాట్లాడతారు. పాడుతూ పాడుతూ మాటలోకి దిగుతారు, మాటలోంచి మళ్ళీ పాటలోకి ఎక్కుతారు. సోల్ పాటల్లోనూ మధ్యలో పాట ఆపి మామూలుగా మాట్లాడటం ఉంది. మీ గొంతు పూడుకుపోయే లైను ఏదో మీకు తెలుసు. దాన్ని పాడకండి. మాటగా అనేయండి, వెనక శ్రుతి నడుస్తూ ఉంటుంది. మీకు హాయిగా ఉన్న శ్రుతికి ఒక మెట్టు తగ్గించుకోండి, ఏడుపు గొంతులో ఉన్నప్పుడు పై స్వరాలు అందవు. ఆ లైనునే రోజూ కూరగాయల లిస్టు చదివినట్టు చదవండి, పాడకుండా. వారం పోయాక దానికి మిమ్మల్ని ఆపే బలం కొంత తగ్గుతుంది. పూర్తిగా తగ్గదు, తగ్గనక్కర్లేదు. గాయని ఏడ్చేస్తే వినేవాళ్ళకి పని మిగలదు. ఆపుకుంటున్న గొంతు వింటేనే వాళ్ళకి కదులుతుంది.

ఇలాంటి పాటల్లో చివర శ్రుతి ఒక మెట్టు పెంచడం మామూలు. మీరు పెంచకండి. దాని బదులు గొంతులు పెంచండి. చర్చిలో పాస్టరు ఒక మాట అంటే జనం బదులు పలికినట్టుగా సోల్‌లో వెనక గొంతులు పలుకుతాయి, మన జముకుల కథలో వంత పాడినట్టే. ఆఖరి పల్లవిలో మీరు ‘బిల్లవుతాది’ అనండి. ‘ఎట్టీ’ మీ తమ్ముడు, పిన్నులు, మేనత్తలు, ఎవరుంటే వాళ్ళు అందుకోవాలి. వాళ్ళకి రిహార్సల్ అక్కర్లేదు. అందరూ ఆవిడ నోట విన్నదే.

ఏఐ గొంతు వద్దు. సాంకేతికంగా చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు. కానీ ఆ కుర్రాడు ఆవిడ చేత ఏమనిపిస్తానంటున్నాడో చూడండి: గర్వంగా ఉందమ్మా అని. మీరే రాశారు, ఆవిడ మెచ్చుకోవడం ఎరగదని. బతికుండగా ఆవిడ ఇవ్వని మాటని ఆవిడ గొంతు పెట్టి మీకు మీరే ఇచ్చుకుంటారన్నమాట. ఆ రోజుకి బాగానే ఉంటుంది. తర్వాత ఆవిడ నిజం మెసేజ్‌లు విన్నప్పుడల్లా, ఏది ఆవిడదో ఏది కాదో మనసులో తేడా కట్టుకుంటూ కూచోవాలి. ఉన్న మెసేజ్‌లని మాత్రం ఇవాళే ఫోన్లోంచి తీసి మరో రెండు చోట్ల దాచండి, ఫోన్ పోతే అవీ పోవచ్చు. పాటలో ఆవిడ అసలు గొంతు ముక్క ఒకటి పెట్టాలనిపిస్తే అది నాన్నగారిని అడిగి చెయ్యాల్సిన పని. ఏడాదిగా ఆ గొంతు వినకుండా ఉన్న మనిషికి, జనం మధ్యలో ఉన్నట్టుండి స్పీకర్లోంచి వినిపించకూడదు.

అసలు పాట మొత్తాన్నీ ముందు ఆయనకి ఒక్కడికే వినిపించండి. బ్రిడ్జిలో ఉన్నది ఆయనే కదా. తీసెయ్యమంటే తీసెయ్యండి, వాదించకండి. ఏమీ అనకపోతే ఉంచండి.

పెదనాన్నగారి మాట కొట్టిపారేయకండి. ఆయన కళ్ళ ముందున్నది మైకు, బాక్సులు, వీధంతా మోత. ఏడాది తిరగని ఇంట్లో అది కుదరదన్నది ఆయన భయం, అందులో న్యాయం ఉంది. కార్యక్రమం, భోజనాలు అయిపోయాక, సాయంత్రం ఇంట్లోవాళ్ళే మిగిలినప్పుడు మైకు లేకుండా పాడతానని చెప్పండి. దానికి ముందు ఇంకో పని చెయ్యండి. ‘పెదనాన్నా, అమ్మ నీతో ఎప్పుడైనా దెబ్బలాడిందా?’ అని అడగండి. తమ్ముడి భార్య, అదీ కోపిష్టి మనిషి. చెప్పడానికి ఆయన దగ్గర ఏదో ఒకటి ఉండకుండా ఉండదు. అది పాటలో పట్టినా పట్టకపోయినా, ఆ తర్వాత ఆయన పెళ్ళి మాట ఎత్తడు.

ఒక చిన్న సంగతి, సెలవు పెట్టే ముందు చూసుకోండి. సంవత్సరీకం తిథిని బట్టి వస్తుంది, ఇంగ్లిషు తేదీని బట్టి కాదు. చాంద్రమానం లెక్కలో ఏడాదికి 354 రోజులే కాబట్టి పోయిన తేదీ కన్నా దాదాపు 11 రోజులు ముందుకొస్తుంది, మధ్యలో అధిక మాసం పడితే మాత్రం ఆ తేదీ దాటి దాదాపు 19 రోజులు ఆలస్యంగా వస్తుంది. మీరు వచ్చే నెల అంటున్నారు, ఈ నెలాఖరుకే పడవచ్చు. పురోహితుణ్ణి అడిగి టికెట్ తీసుకోండి.

రికార్డింగుకి స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బట్టల అల్మారా తలుపులు తెరిచి దాని ఎదురుగా నిలబడి పాడండి, బట్టలు గోడల మోత తగ్గిస్తాయి. శ్రుతికి హార్మోనియమో, కీబోర్డో, అదీ లేకపోతే తంబురా యాప్. సినిమా పాట కరోకే ట్రాక్ మీద పాడితే, రేపు యూట్యూబ్‌లో పెట్టుకున్నప్పుడు హక్కుల వాళ్ళు అడ్డం వస్తారు. నాలుగు నిమిషాలు దాటనివ్వకండి.

చరణాలు నన్ను రాసిమ్మని అడిగేలా ఉన్నారు. రాయను. నేను రాస్తే మళ్ళీ ఎవరి అమ్మో అవుతుంది. మీరు ముందు పల్లవి ఒక్కటే పాడి ఫోన్లో పంపండి, శ్రుతి ఎక్కడ పెట్టుకోవాలో, తాళం ఎక్కడ జారుతోందో విని చెప్తాను.